ఫిర్యాదులు లేవన్నారు

పొద్దున పదిన్నర గంటలకి, పెద్దాసుపత్రి కింది అంతస్తులో, నలభై మంది చూస్తుండగా ఒక ఆడమనిషి నిలబడిన చోటుని ఆమె చేతే కడిగించారు.

ఆమె చేసిన నేరం లిఫ్టెక్కడం. ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డల బండి ఆపరేషన్ గదికి, అయిదో అంతస్తుకి చేరాలి. రోజూ ర్యాంపు మీదుగా తోసుకుంటూ ఎక్కేది. ఆ రోజు మోకాలు వాచి అడుగు పడనివ్వలేదు. సెల్లార్లో లిఫ్టు ఖాళీగా కనబడితే బండితో సహా ఎక్కేసింది. లిఫ్టు కింది అంతస్తులో ఆగింది. బయట రోగుల చుట్టాలు పళ్ళ సంచులతో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందున్న పెద్దమనిషి లోపల పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఒంటిమీది గోధుమరంగు ఏప్రాన్ చూశాడు. ఆ రంగు లాండ్రీ వాళ్ళది. లాండ్రీలో చేసేవాళ్ళంతా కాలవ అవతల పుట్టినవాళ్ళు. తాతలనాటి నుంచి ఊళ్ళోవాళ్ళు ముట్టుకోకుండా దూరం పెట్టినవాళ్ళు. ఆ రంగు చూశాక ఇంకెవరికీ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సూపర్వైజరు పరుగున వచ్చాడు. దిగమన్నాడు. దిగింది. బకెట్టూ గుడ్డా తెప్పించాడు.

"నిలబడ్డ చోటు తుడిచెయ్యి. వీళ్ళు ఎక్కాలి."

గొంతు కూడా పెంచలేదు. నేల మీద పాలొలికాయి తుడవమన్నట్టు చెప్పాడు. ఆమె వాచిన మోకాలి మీదే కూర్చుని లిఫ్టు నేలంతా తుడిచింది. ఆమె ఉతికిన గుడ్డ కట్టుకుని డాక్టరు గుండె కోస్తాడు. ఆమె ఇస్త్రీ చేసిన దుప్పటి మీద ఆ పెద్దమనిషి చుట్టమే పడుకుని ఉంటాడు. ఆ గుడ్డలకి లేని మైల ఆమె పాదాలకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగినవాడు లేడు. తడి ఆరేదాకా ఆగి, పెద్దమనిషి లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

ర్యాంపు మొదట్లో రెండో బండి పట్టుకుని మడతక్క నిలబడి ఉంది. లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతోంది కాబట్టి అందరికీ ఆమె మడతక్కే. నేల తుడుస్తున్న మనిషి ఆమెకి పరాయిది కాదు, సొంత తోడికోడలు. ఉమ్మడి వంటగది పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగి, రెండేళ్ళుగా ఇద్దరూ ఎడమొహం పెడమొహం. అయినా ఆ క్షణంలో తోడికోడలు తలెత్తి చుట్టూ చూసింది. ఆ చూపు వచ్చి మడతక్క మీద ఆగింది.

మడతక్క చూపు తిప్పుకుని, బండి తోసుకుంటూ ర్యాంపు ఎక్కేసింది. అయిదో అంతస్తుకి చేరేదాకా వెనక్కి తిరగలేదు. ఆగితే బండి కిందికి జారిపోతుందని తనకి తాను చెప్పుకుంది.

*

తోడికోడలు కూతురు లా కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. కాలవ అవతల నుంచి ఆ కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. లాండ్రీలో అందరూ ముద్దుగా లాయరమ్మ అంటారు. తల్లి ఏడుస్తూ చెప్పింది వినగానే పిల్ల పుస్తకం తెరిచింది. పుట్టుకని బట్టి మనిషిని తక్కువ చేసి చూడటం నేరమని చట్టం ఉంది. ఆ చట్టం వచ్చి పాతికేళ్ళయింది. తల్లిని వెంటబెట్టుకుని వివక్ష నిరోధక కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ కూడా వేశాడు. అంతా రాసుకుని, కళ్ళారా చూసిన సాక్షి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. రోగుల చుట్టాలు ఎవరో, ఏ ఊరివాళ్ళో, ఎక్కడని వెతకడం?

సాయంత్రం పిల్ల మడతక్క ఇంటికొచ్చింది. గడప దాటకుండా అక్కడే నిలబడి, చూసింది చూసినట్టు చెబితే చాలు పెద్దమ్మా అంది.

మడతక్క గూట్లో ఉన్న పని కార్డు వంక చూసింది. లాండ్రీ కాంట్రాక్టరు మూడు నెలలకోసారి పని కార్డులు మారుస్తాడు. వచ్చే వారమే మార్చే రోజు. నోరెత్తినవాళ్ళ కార్డు మారదు. ఇంట్లో మంచాన పడ్డ మొగుడు. ఆ కార్డు పోతే పొయ్యి వెలగదు.

"నేను చూళ్ళేదే. తల వంచుకుని బండి లాక్కుంటున్నా" అంది.

సరే పెద్దమ్మా అంది పిల్ల. తిట్టినా బాగుండేది. గడప దిగి వెళ్ళిపోయింది.

నెల తర్వాత కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదుదారు ఆసుపత్రి ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. కాబట్టి ఆసుపత్రికి బాధ్యత లేదు. కాంట్రాక్టరు ఆ సమయంలో అక్కడ లేడు. కాబట్టి అతనికీ లేదు. పుట్టుక గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదని ఫిర్యాదులోనే ఉంది. కాబట్టి ఉద్దేశం రుజువు కాలేదు. ప్రత్యక్ష సాక్షి లేరు. ఫిర్యాదు మూసివేయడమైనది. కింద సంతకం, సీలు.

తోడికోడలు ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. కుంటుకుంటూ ర్యాంపు ఎక్కడం మాత్రం మానలేదు.

*

ఏడు నెలలు గడిచాయి. చట్టం పాతబడిందనీ, దాన్ని సమీక్షించి సవరించడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసిందనీ, ఆ కమిటీ ఊరూరా తిరిగి ప్రజల అభిప్రాయం వింటుందనీ పేపర్లో పడింది. పది రోజుల్లో ఈ ఊరికి వస్తారు. లాయరమ్మ ఆ ముసాయిదా కాగితాలు పట్టుకుని మధ్యాహ్నం అన్నం వేళకి లాండ్రీలోకి దిగింది.

ఆ లాండ్రీ సెల్లార్లో ఉంది. కిటికీలుండవు. ఉతికే డ్రమ్ములు ఆరు, దుప్పట్లు నొక్కి ఆరబెట్టే రోలరు ఒకటి, ఆ చివర ఆవిరి కక్కే బాయిలరు. అరవై రెండు మంది ఆ ఆవిరిలో పొద్దు పుచ్చుతారు. డ్రమ్ములు ఆపి, మూటల మీద కూర్చుని డబ్బాలు విప్పుకునే అరగంటే వాళ్ళకి ఒకరి మాట ఒకరికి వినబడే సమయం.

పిల్ల చట్టం చదివింది. చదివినదాన్ని మామూలు మాటల్లో చెప్పింది. ఎదుటివాడి ఉద్దేశం ఫిర్యాదు చేసినవాళ్ళే రుజువు చెయ్యాలన్న దగ్గర బాయిలర్ తాత చేయెత్తాడు. ముప్పై ఏళ్ళుగా బాయిలరు దగ్గర నిలబడి ఒక చెవి వినబడక, మాటలు మాత్రం సూటిగా వదులుతాడు.

"అంటే నన్ను కొట్టినవాడు తీరిగ్గా కూర్చుని, ఫలానా చోట పుట్టావు కాబట్టి కొట్టాను అని రాసి సంతకం పెట్టి ఇస్తేనా కేసు?"

నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పిల్ల కాగితం తిప్పి కమిటీ కొత్తగా చేర్చాలనుకుంటున్నది చదివింది. చట్టం దుర్వినియోగమవుతోందని పెద్ద పెద్ద సంస్థలు మొరపెట్టుకున్నాయట. అందుకని ఇకపై రుజువు కాని ఫిర్యాదు చేసినవాళ్ళకి ఏడాది దాకా జైలు.

డబ్బాల చప్పుడు ఆగిపోయింది.

మడతక్క మూలనున్న మూట మీద నుంచి మెల్లగా అడిగింది. "సాక్షి రాకపోతే? అదీ అబద్ధపు ఫిర్యాదేనా?"

"కాగితం మీద అంతే పెద్దమ్మా" అంది పిల్ల. "ఈ సవరణ నిరుడే వచ్చుంటే అమ్మ ఈపాటికి జైల్లో ఉండేది."

ఆ మధ్యాహ్నం మడతక్క మడిచిన దుప్పట్లు ఒక్కటీ అంచుకి అంచు కలవలేదు. తన నోరు మూసుకుంటే తన కార్డు ఒక్కటే మిగులుతుందనుకుంది ఇన్నాళ్ళూ. మూసుకున్న నోరు ఎవరి మెడకి ఉరవుతుందో ఇప్పుడు తెలిసింది. తన మీద తనకి కోపం వచ్చింది. ఆ తర్వాత అంతకంటే పెద్ద కోపం వచ్చింది. తిండి చేతిలో పెట్టి నోరు కుట్టేవాళ్ళ మీద, ఆ కుట్టు కనబడకుండా పైన చట్టం అని రాసేవాళ్ళ మీద.

పని దిగాక నేరుగా తోడికోడలింటికి వెళ్ళింది. దాదాపు మూడేళ్ళ తర్వాత ఆ గుమ్మంలో అడుగుపెట్టడం. తోడికోడలు మోకాలికి నూనె రాసుకుంటోంది.

"నేను చూశాను" అంది మడతక్క.

"తెలుసక్కా. నువ్వు చూడటం నేను చూశాను."

"నాలుగు తిట్టు. చెంప పగలగొట్టు. నేను కాదనను."

"తిడితే నీకు తేలికవుతుంది" అంది తోడికోడలు, నూనె చేయి తుడుచుకుంటూ. "తిట్టను. ఆ మాట అక్కడికొచ్చి చెప్పు."

*

ఆ వారమంతా అన్నం వేళ అరగంటా సభే. వెళ్దామన్నవాళ్ళున్నారు, వద్దన్నవాళ్ళున్నారు. పెద్దవాళ్ళు తెల్లకాగితాల మీద రాసుకునే మాటల్లో మనం దూరడం ఏమిటని ఒకామె అడిగింది. మనం దూరకపోతే ఆ కాగితాలే మన ఇంట్లో దూరతాయని ఇంకొకామె కసిరింది. కమిటీ అడిగిన ప్రశ్నలు నలభై ఉన్నాయి. ఒక్కటీ వాళ్ళ నోటికి అందేలా లేదు. వాటిని పక్కన పెట్టేసి, చట్టంలో ఏముండాలో మనమే రాద్దామంది లాయరమ్మ. మీరు చెప్పండి, నేను రాస్తానంది.

చిరిగి పక్కన పడేసిన దుప్పటి ఒకటి రోలరు బల్ల మీద పరిచారు. ఆసుపత్రి గుడ్డల మీద వార్డు నంబర్లు వెయ్యడానికి వాడే నల్ల సిరా తెచ్చారు. ఎవరి గోడల మధ్య అవమానం జరిగిందో వాళ్ళే జవాబు చెప్పాలి, మధ్యలో కాంట్రాక్టర్ని నిలబెట్టి తప్పుకోకూడదు. ఇది రోలరు నడిపేవాళ్ళు చెప్పారు. పుట్టుక చూసి చెయ్యలేదని చేసినవాడే రుజువు చేసుకోవాలి. ఇది బాయిలర్ తాతది. ఓడిపోయిన ఫిర్యాదుకి జైలు వద్దు. ఇది అందరిదీ. దుప్పటి మీద ఇంకా చోటుంది. మడతక్క ముందుకొచ్చింది.

"సాక్ష్యం చెప్పినవాళ్ళ కార్డు తీసేస్తే అదీ నేరమే అని రాయి. పెద్దక్షరాలతో రాయి."

పర్మినెంటు ఉద్యోగుల సంఘం నాయకుడి దగ్గరికి కూడా వెళ్ళారు, కలిసి రమ్మని. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, తమ సంఘం ఇదివరకే వినతిపత్రం ఇచ్చేసిందని, లాండ్రీ వాళ్ళ సంగతి కూడా అందులో 'ఇతరములు' కింద చేర్చామని చెప్పాడు.

"ఇతరములు అంటే మేమేనా అన్నా?" అని తోడికోడలు అడిగింది. ఆయన ఫోను తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు.

*

టౌనుహాల్లో వేదిక మీద అయిదు కుర్చీలు, అయిదు నీళ్ళ సీసాలు. అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన జడ్జి. మాట్లాడాలంటే వారం ముందే కంప్యూటర్లో నమోదు చేసుకుని టోకెను తెచ్చుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. లాండ్రీ వాళ్ళు అరవై రెండు మందీ సగం రోజు సెలవు పెట్టి, గోధుమరంగు ఏప్రాన్లు విప్పకుండానే వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. లాయరమ్మ క్లాసు పిల్లలు ఇరవై మంది గోడవారగా నిలబడ్డారు.

మొదట ఆసుపత్రి పరిపాలనాధికారి మాట్లాడాడు. ఆయనకి గంట కొట్టలేదు. పావుగంట పైనే, గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ మాట్లాడాడు. గత అయిదేళ్ళలో తమ సంస్థలో వివక్ష మీద నిరూపితమైన ఫిర్యాదు ఒక్కటి కూడా లేదన్నాడు. ఫిర్యాదులే లేవంటే వివక్షే లేదని అర్థమన్నాడు. వచ్చిన ఒకటీ అరా కూడా కావాలని బురద చల్లడానికి వేసినవేననీ, అలాంటివాళ్ళకి శిక్ష ఉండి తీరాలనీ అన్నాడు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి.

ఆ చప్పట్లు ఆగకముందే మడతక్క లేచి నిలబడింది. టోకెనేదని అడ్డుపడ్డవాణ్ణి తప్పించుకుని నేరుగా మైకు దగ్గరికి నడిచింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"అయ్యా, ఆ వచ్చిన ఒకటీ మా తోడికోడలిది. అది రుజువు కాలేదు, ఎందుకంటే చూసినదాన్ని నేనే నోరు మూసుకున్నా. కార్డు పోతుందని భయపడ్డా. ఇప్పుడు చెబుతున్నా, రాసుకోండి. ఈయన ఆసుపత్రిలో, రెండో లిఫ్టులో, మా తోడికోడలు నిలబడ్డ చోటు దాని చేతే కడిగించారు. వాచిన మోకాలి మీద కూర్చోబెట్టి కడిగించారు. నేను చూశాను."

అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇక్కడ వ్యక్తిగత విషయాలు వినమని, చట్టం మీద అభిప్రాయం ఉంటే చెప్పమని మెత్తగా అన్నాడు.

"నా అభిప్రాయమే చెబుతున్నానయ్యా. ఫిర్యాదులు లేవంటే జబ్బు లేదని కాదు. మందడిగిన నోరు నొక్కారని. మీరు ఆ నోటికి ఇప్పుడు తాళం కూడా వేస్తామంటున్నారు."

గంట కొట్టారు. మడతక్క ఆగలేదు. వెనక అరవై మంది లేచారు. నల్ల సిరాతో రాసిన దుప్పటిని రెండు చివరలా పట్టుకుని విప్పారు. మడతక్కకి చదువు రాదు. అయినా అందులో ఉన్నదంతా ఆమెకి నోటికి వచ్చు. ఆమె ఒక్కో మాటా చెబుతుంటే వెనక నుంచి అరవై గొంతులు అందుకున్నాయి, గోడవార పిల్లలు అందుకున్నారు. మళ్ళీ గంట కొట్టారు, మళ్ళీ మళ్ళీ కొట్టారు. ఆ గంట ఎవరికీ వినబడలేదు. హాలు బయట వరండా తుడిచేవాళ్ళు చీపుళ్ళు పట్టుకునే తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. ముందు వరసల్లోని పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి పక్క తలుపులోంచి జారుకున్నారు.

అధ్యక్షుడు విచారణ వాయిదా వేశానన్నాడు. పోలీసుల్ని పిలిచారు. ప్రభుత్వ కార్యక్రమానికి భంగం కలిగించారని మడతక్కనీ, బాయిలర్ తాతనీ, ఇంకో ఎనిమిది మందినీ వ్యానెక్కించారు. జనాన్ని రెచ్చగొట్టిందని లాయరమ్మని జుట్టు పట్టుకుని ఈడ్చారు. తోడికోడలి పేరు ఎవరూ పిలవలేదు. అయినా ఆమె కుంటుకుంటూ వచ్చి వ్యాను మెట్టెక్కింది. నువ్వెందుకని పోలీసు అడ్డం పెట్టిన చేతిని పక్కకి తోసింది.

"లిఫ్టు కాదుగా ఇది. దీన్నైనా ఎక్కనివ్వు" అంది.

*

మర్నాడు లాండ్రీ డ్రమ్ములు తిరగలేదు. మధ్యాహ్నానికి ఆపరేషన్ గదుల ముందు మాసిన గుడ్డల మూటలు గుట్టలు పడ్డాయి. ప్రాణం మీదికొచ్చిన రోగులకి కావలసినంత గుడ్డ మాత్రం లాండ్రీ ఆడవాళ్ళు చేత్తో ఉతికి పంపారు. మిగతాదంతా ఆపేశారు. బయటి నుంచి కూలీల్ని తెచ్చి డ్రమ్ములు నడిపించమని పై అధికారులు నర్సులకి చెబితే, అది తమ పని కాదని వాళ్ళు తేల్చేశారు. వంటగదివాళ్ళు సెల్లారు మెట్ల మీదికొచ్చి కూర్చున్నారు. 'ఇతరములు' అన్న నాయకుణ్ణి సొంత సంఘంవాళ్ళే చుట్టుముట్టి, ఆ మాటకి అర్థం చెప్పమని నిలదీశారు.

మూడో రోజు సాయంత్రం అందర్నీ వదిలారు, లాయరమ్మని తప్ప. పిల్ల మీద పెద్ద కేసు పెట్టారు, కాలేజీ నుంచి పేరు కొట్టేశారు. మడతక్క, తోడికోడలు, తాత, ఇంకో ఎనిమిది మంది, పదకొండు మంది కార్డులూ కాంట్రాక్టరు రద్దు చేశాడు. కమిటీ తన నివేదికలో ఏం రాసుకుందో కూడా తెలిసింది. ఈ ఊళ్ళో కార్మికుల నుంచి అభిప్రాయాలేవీ అందలేదని రాసుకుంది.

తల్లి జైలుకెళ్ళి కూతుర్ని చూసి వచ్చింది. పిల్ల మొహం వాచి ఉందని, కళ్ళు మాత్రం మండుతున్నాయని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పి పంపిందట. వాళ్ళు మన నోట్లోంచి వినరు, వాళ్ళ రిజిస్టర్లోంచే వినిపించండి అని.

శుక్రవారం పొద్దున వివక్ష నిరోధక కార్యాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద జనం ఉన్నారు. మొదట మడతక్క, ఆ వెనక తోడికోడలు, ఆ వెనక లాండ్రీ అంతా. వాళ్ళ వెనక తెల్లటోపీలు చేతుల్లో పట్టుకుని వంటగదివాళ్ళు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ వాడలో పుట్టావని అడిగి, అధికారులు బస గది మార్చేసిన నర్సులు ఇద్దరు. టౌనుహాలు వరండా తుడిచేవాళ్ళు, బస్సులు కడిగేవాళ్ళు. లాయరమ్మ కాలేజీ పిల్లలు చదువు రానివాళ్ళకి కాగితాలు రాసిపెడుతూ వరస పొడవునా తిరుగుతున్నారు. వరస మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, కనుచూపు అందనంత దూరం పోయింది. ప్రతివాళ్ళ చేతిలో ఒక ఫిర్యాదు. దాని కింద ముందు నిలబడ్డవాళ్ళూ వెనక నిలబడ్డవాళ్ళూ సాక్షులుగా పెట్టిన సంతకాలు, వేలిముద్రలు.

గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. వరస చూసి కలం కింద పెట్టాడు. అతను చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి, కొత్త సవరణ వస్తే పరిస్థితి ఏమిటో తెలుసా అని అడిగాడు. ఇవి రుజువు కాకపోతే వీధిలో నిలబడ్డ ఇంతమందీ జైలుకెళ్ళాలన్నాడు.

"మా పిల్ల ఇప్పటికే వెళ్ళింది" అంది మడతక్క. "దాని వెనకే వస్తున్నాం. ముందు నాది రాసుకో."

ఆమె వేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కింది. గుమాస్తా కలం తీసుకున్నాడు. మడతక్క పక్కకి జరిగింది, తోడికోడలు బల్ల ముందుకొచ్చింది. వెనక మెట్ల మీద జనమంతా ఒక్క మెట్టు పైకెక్కారు.